గాలి నిండుగా ఉన్నా ఎలక్ట్రిక్ కారు టైరు హెచ్చరిక ఇస్తోంది: సెన్సరు మార్పించాలా?

మియాపూర్–ఖమ్మం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను మూడేళ్ళుగా ఒక ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నాను. ఇప్పటికి 38,000 కిలోమీటర్లు తిరిగింది. బ్యాటరీతోగాని, ఛార్జింగుతోగాని ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు కానీ, నెల రోజులుగా టైరు గాలి హెచ్చరిక మాత్రం నన్ను విసిగిస్తోంది. ఉదయం ఏడింటికి బండి తీసి అపార్ట్‌మెంట్ గేటు దాటి కొంత దూరం వెళ్ళానో లేదో, గుర్రపు నాడా మధ్య ఆశ్చర్యార్థకం పెట్టినట్లుండే ఆ పసుపు గుర్తు మిణకకుండా నిలకడగా వెలుగుతుంది. వెంటనే స్క్రీను మీద ముందు ఎడమ టైరు దగ్గర 28 పీఎస్ఐ అని, ఈ మధ్య ఒక్కోసారి 27 అని కనిపిస్తుంది. డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరు ప్రకారం నాలుగు టైర్లకూ 36 ఉండాలి. పదిహేను కిలోమీటర్లు నడిచేసరికి అదే అంకె 31కో 32కో చేరి, హెచ్చరిక దానంతట అదే ఆరిపోతుంది. మర్నాడు ఉదయం మళ్ళీ మొదటికే వస్తుంది.

మొదటిసారి కంగారుపడి దారిలో ఒక పెట్రోలు బంకులో ఆపి ఆ టైరుకు గాలి కొట్టించాను. ఒక్క చుక్క పెట్రోలు పోయించుకోని బండికి గాలి కొట్టమని అడగడం కొంత మొహమాటంగానే అనిపించింది. మరుసటి వారం మరోసారి, ఆ తరువాత ఇంకోసారి కొట్టించాను. మూడోసారి నేనే 40 పెట్టమన్నాను. అయినా మార్పు లేకపోవడంతో ఒక గేజీ కొనుక్కుని, ఉదయం బండి కదపకముందే ముందు ఎడమ టైరు కొలిచాను. గేజీలో 40 ఉంది. అదే టైరుకు కారు 28 చూపిస్తోంది. పన్నెండు పీఎస్ఐ తేడా అంటే హెచ్చరిక అబద్ధమని తేలిపోయినట్లే కదా. పైగా నేను గాలి కొట్టించని వెనుక కుడి టైరు ఇప్పుడు స్క్రీను మీద 40, కొంత నడిచాక 44 చూపిస్తోంది. దీన్నిబట్టి మొత్తం వ్యవస్థకే మతి పోయిందని నాకనిపిస్తోంది.

అనుమానించదగిన విషయాలు మూడున్నాయి. సెప్టెంబరు చివర్లో ఒక బయటి షాపులో వీల్ అలైన్‌మెంటు, చక్రాల చోట్లు అటూ ఇటూ మార్చే టైర్ రొటేషను చేయించాను. అప్పుడే నత్రజని నింపి ఆకుపచ్చ మూతలు పెట్టారు. నవంబరులో డాష్‌క్యామ్ బిగించి, దానికి ఒక చవక ఛార్జరు తగిలించాను. కారులోని చిన్న 12 వోల్టుల బ్యాటరీని కొన్ననాటి నుంచి మార్చలేదు. సర్వీసు కేంద్రానికి ఫోను చేస్తే, సెన్సరు పోయి ఉంటుందని, ఒక్కోదానికి నాలుగు వేలకు పైగా అవుతుందని, నాలుగూ ఒకేసారి మార్చుకోవడం మంచిదని చెప్పారు. నెలకు రెండుసార్లు పిల్లలతో ఖమ్మం వెళ్ళివస్తాం. ఈ కారుకు స్టెప్నీ కూడా లేదు. సెన్సర్లు మార్పించాలా, లేక హెచ్చరికను పట్టించుకోకుండా వదిలేయాలా?


సోల్డరింగ్ ఐరన్ (బెంగళూరు)

దయచేసి సెన్సర్లు కొనకండి, హెచ్చరికనూ వదిలేయకండి. నేను వాహనాల ఎలక్ట్రానిక్స్ పరీక్షించే పనిలో ఉన్నాను. మీ ప్రశ్నలో మీరు పక్కన పెట్టేసిన ఒక వాక్యంలోనే జవాబు ఉందని నాకనిపిస్తోంది. దాని దగ్గరకు వచ్చే ముందు మీ మూడు అనుమానాలు చూద్దాం.

మీ కారు ఒక్కో టైరుకు విడివిడిగా అంకె చూపిస్తోందంటే, ప్రతి చక్రంలోనూ వాల్వు అడుగున, రిమ్ముకు లోపలి వైపు, ఒక చిన్న సెన్సరు ఉన్నట్లు. అందులో నాణెం ఆకారపు లిథియం బ్యాటరీ ఉంటుంది. చక్రం తిరగడం మొదలయ్యాక అది మేలుకొని, లోపలి ఒత్తిడిని, ఉష్ణోగ్రతను, తన గుర్తింపు సంఖ్యను కలిపి రేడియో సందేశంగా పంపుతుంది. మన దేశంలో ఇందుకు సాధారణంగా వాడేది 433 మెగాహెర్ట్జ్ పరిసరాల్లోని తరంగాలు. చవక ఛార్జర్ల నుంచి వచ్చే రొద ఆ సందేశాలకు అడ్డుపడగలదన్న మాట నిజమే. కానీ ప్రతి సందేశం చివర సరిచూసుకునే అంకెలు కొన్ని ఉంటాయి. మధ్యలో ఎక్కడ చెడినా రిసీవరు ఆ సందేశాన్ని పారేస్తుంది తప్ప 40ని 28గా చదవదు. అంతరాయం ఉంటే మీకు అంకెకు బదులు గీతలు కనిపించాలి. సెన్సరులోని బ్యాటరీ అయిపోవచ్చినా జరిగేది అదే: సందేశాలు ఆగిపోతాయి. వ్యవస్థలోనే లోపం ఉన్నప్పుడు చాలా కార్లలో ఆ పసుపు గుర్తు నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని ఆ తరువాత నిలకడగా వెలుగుతుంది. మీది మొదటి నుంచీ నిలకడగానే వెలుగుతున్నట్లు రాశారు. ఇక 12 వోల్టుల బ్యాటరీ. ఎలక్ట్రిక్ కార్లలో అది నీరసిస్తే వింత హెచ్చరికలు వచ్చే మాట వాస్తవమే, కానీ అప్పుడు బ్రేకు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగు హెచ్చరికలు కూడా గుంపుగా వస్తాయి. రోజూ ఒకే టైరు పేరు చెప్పి ఊరుకోవు.

కాబట్టి 28 అన్నది ఏదో ఒక సెన్సరు నిజంగా కొలిచిన ఒత్తిడే. ఏ చక్రంలో కొలిచిందన్నదే ప్రశ్న. మీరు ముందు ఎడమ టైరుకు గాలి కొట్టిస్తే స్క్రీను మీద వెనుక కుడి అంకె పెరిగింది. ఆ అంకె మీ చేతి గేజీ చూపిన 40తో సరిగ్గా సరిపోయింది. రొటేషను చేసినప్పుడు చక్రాలతోపాటు వాటిలోని సెన్సర్లూ చోటు మారాయి. కొన్ని కార్లు ఆ మార్పును నాలుగు మైళ్ళు నడిచేలోపు తామే కనిపెడతాయి. కొన్నింటికి మనం పనిగట్టుకుని నేర్పాలి. మీ కారుకు ఎవరూ నేర్పలేదు. ముందు ఎడమ, వెనుక కుడి చక్రాలు అటుదిటు అయ్యాయి కనుక, అసలు గాలి తగ్గింది వెనుక కుడి టైరులో. వెళ్ళి దాన్ని గేజీతో కొలవండి.


గాలి మిషన్ (ఖమ్మం)

ఐరన్ గారు చెప్పిన కారణం సరైనదే కానీ, చూపించిన చక్రం తప్పు. నేను పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడ బైపాస్ రోడ్డులో టైర్ల షాపు నడుపుతున్నాను. చక్రాలను ఎక్స్ ఆకారంలో మార్చినట్లయితే ఆయన లెక్క సరిపోయేది. కానీ ముందు చక్రాలు లాగే కార్లకు ఎక్కువ షాపుల్లో మేం చేసేది అలా కాదు. ముందువి రెండూ నేరుగా తమ వైపునే వెనక్కి వెళతాయి. వెనుకవి రెండూ అడ్డంగా మారి ముందుకు వస్తాయి. అంటే వెనుక కుడి చక్రం ముందు ఎడమకు వచ్చింది. అందుకే అక్కడ గాలి కొడితే స్క్రీను మీద వెనుక కుడి పెరిగింది. అంతవరకు ఇద్దరి లెక్కా ఒకటే. అయితే అంతకుముందు ముందు ఎడమలో ఉన్న చక్రం ఎక్కడికి వెళ్ళింది? నేరుగా వెనుక ఎడమకు. మియాపూర్ గారూ, మీ కారులో మోటారు ముందు చక్రాలను తిప్పేదైతే ముందుగా వెనుక ఎడమ టైరు చూడండి.

ఇందులో ఊహతో పని లేదు. రేపు ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు నాలుగు టైర్లూ గేజీతో కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. ఎలాగూ ముందు ఎడమలో నాలుగు పీఎస్ఐ ఎక్కువుంది కనుక, ఆ ఎక్కువ గాలిని బయటికి వదిలి ఒక కిలోమీటరు నడపండి. స్క్రీను మీద ఏ అంకె తగ్గితే ఆ సెన్సరు అక్కడ ఉన్నట్లు. నడపకుండా నిలబడి చూస్తే మాత్రం చాలా కార్లలో మారదు. బండి ఆగి ఉన్నప్పుడు ఈ సెన్సర్లు నిద్రపోతాయి. గాలి కొట్టించిన మరుక్షణమే స్క్రీను చూసి, ఇంకా తక్కువే చూపిస్తోందని మాతో పోట్లాడేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఉంటారు.

తక్కువ ఉన్న టైరు తేలాక, గ్రిప్పు అంతా చేత్తో తడిమి మేకు ఉందేమో చూడండి. కనిపించకపోతే గిన్నెలో సబ్బు నీళ్ళు కలిపి ముందు వాల్వు మూతి మీద, తరువాత వాల్వు మొదట్లో, చివరికి రిమ్ము అంచు పొడుగునా వేయండి. నత్రజని నింపారన్నారు కనుక నా అనుమానం వాల్వు పిన్ను మీదే ఉంది. లోపలి గాలి తొందరగా ఖాళీ చేయడానికి కొందరు పిన్ను ఊడదీసి మళ్ళీ బిగిస్తారు. ఆ బిగించడంలో ఇసుక రేణువు పడినా, అర చుట్టు వదులైనా చాలు. నత్రజని సంగతి అంటారా, మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్ళు అది ఉంది. నా షాపులోనూ ఆ మిషను ఉంది కనుక ఇంతకన్నా ఏమీ అనను.

ఒక మనవి. మేకు దొరికినా దొరకకపోయినా సీసాలో వచ్చే జెల్ మాత్రం పోయకండి. అది సెన్సరు రంధ్రంలోకి వెళ్ళి గడ్డకడితే, అప్పుడు మీకు నిజంగానే తప్పుడు అంకె వస్తుంది. టైరు విప్పాల్సి వస్తే లోపల సెన్సరు ఉందని షాపువాళ్ళకు ముందే చెప్పండి. తెలియని కుర్రవాడు వాల్వు ఉన్న చోటనే మిషను నొక్కితే అది పుటుక్కున విరుగుతుంది.


చలిదేశం (మిన్నెసోటా)

పై ఇద్దరూ ఏ చక్రమో తేల్చారు. హెచ్చరిక ఉదయమే ఎందుకు వస్తుందన్నదాని గురించి నాలుగు మాటలు నేను రాస్తాను. మాకిక్కడ డిసెంబరు వస్తే ఊరంతటికీ ఇదే బాధ. టైరులోని గాలి పది డిగ్రీల సెల్సియస్ చల్లబడితే ఒత్తిడి ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ దాకా తగ్గుతుంది. నడిచినప్పుడు టైరు వేడెక్కుతుంది కనుక అంతకంత పెరుగుతుంది. మియాపూర్ గారి టైరు ఉదయం 28తో బయల్దేరి 32కు చేరడం అచ్చంగా ఆ లెక్కే. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి తయారైన చిన్న వాహనాలన్నింటికీ ఈ వ్యవస్థ తప్పనిసరి. సూచించిన ఒత్తిడి కన్నా నాలుగో వంతు తగ్గితే హెచ్చరించాలన్నది ఇక్కడి నిబంధన. ఐరోపా నియమం అయిదో వంతుకే హెచ్చరించమంటుంది. 36లో అయిదో వంతు తీస్తే 28.8 వస్తుంది. మీ కారు ఆ రెండో పద్ధతిలో వెళుతున్నట్లుంది. 28 దగ్గర వెలిగి 31 దగ్గర ఆరిపోతోందంటే అది చెడిపోలేదు, చక్కగా పనిచేస్తోంది.

మరొక సంగతి. స్టిక్కరు మీది 36 చల్లటి టైరు అంకె. కనీసం మూడు గంటలు నిలిచి ఉన్న బండికి ఆ లెక్క వర్తిస్తుంది. సెప్టెంబరు మధ్యాహ్నం ఎండలో నడిపి తీసుకెళ్ళిన బండికి షాపులో సరిగ్గా 36 నింపి ఉంటే, డిసెంబరు ఉదయం 14 డిగ్రీల చలిలో ఆ టైర్లు ఏ లీకూ లేకుండానే 32 చూపిస్తాయి. మిగతా రెండు టైర్ల అంకెలు మీరు చెప్పలేదు. అవీ తక్కువే ఉంటాయని నా అంచనా. పెట్రోలు బండి ఉన్నప్పుడు బంకుకు వెళ్ళిన ప్రతిసారీ గాలి సంగతి గుర్తొచ్చేది. ఇంటి దగ్గరే ఛార్జింగు పెట్టుకోవడం మొదలయ్యాక నేనూ మూడు నెలలు టైర్ల మొహం చూడలేదు. బ్యాటరీ బరువు వల్ల ఈ కార్లకు ఆ గాలి అవసరం ఇంకా ఎక్కువ. గాలి తగ్గితే ఛార్జి మీద వచ్చే దూరమూ తగ్గుతుంది.

ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట. కొన్ని కార్లలో టైరులో సెన్సరే ఉండదు. గాలి తగ్గిన చక్రం చుట్టుకొలత కాస్త తగ్గి, మిగతావాటికన్నా వేగంగా తిరుగుతుంది కదా, బ్రేకు వ్యవస్థ దాన్ని లెక్కగట్టి హెచ్చరిస్తుంది. అటువంటి కారులో అంకెలు కనిపించవు. గాలి సరిచేసిన ప్రతిసారీ రీసెట్ నొక్కి మళ్ళీ నేర్పాలి. మా ఇంట్లో రెండో కారు ఆ రకమే. ఒకసారి నేను గాలి కొట్టకుండానే గుర్తు ఆర్పేద్దామని రీసెట్ నొక్కాను. అది ఆ తక్కువ గాలినే సరైనదిగా నేర్చుకుంది. తరువాత మిగతా టైర్లకు గాలి సరిచేసేసరికి నెలంతా హెచ్చరికలే.


మియాపూర్–ఖమ్మం

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆదివారం ఉదయం ఆరున్నరకు, బండి రాత్రంతా నిలిచి ఉండగా, నాలుగు టైర్లూ కొలిచాను. ముందు ఎడమ 40, ముందు కుడి 32, వెనుక కుడి 32, వెనుక ఎడమ 27. గాలి మిషన్ గారు కారును చూడకుండానే చక్రం చెప్పారు. మోటారు ముందు చక్రాలనే తిప్పుతుంది. ఆయన చెప్పినట్లే ముందు ఎడమ నుంచి నాలుగు పీఎస్ఐ వదిలి కాలనీలో రెండు చుట్లు తిరిగి వచ్చేసరికి, స్క్రీను మీద వెనుక కుడి అంకె దిగింది. చలిదేశం గారు అనుకున్నట్లు మిగతా రెండూ నిజంగానే నాలుగేసి తక్కువున్నాయి. నెల రోజులుగా నేను బాగున్న టైరుకు మూడుసార్లు గాలి కొట్టించి, తగ్గిన టైరుతో పిల్లలను కూర్చోబెట్టుకుని రెండుసార్లు ఖమ్మం వెళ్ళివచ్చానన్నమాట.

వెనుక ఎడమ టైరు గ్రిప్పులో మేకు లేదు. ఆకుపచ్చ మూత తీసి వాల్వు మూతి మీద సబ్బు నీళ్ళ చుక్క వేస్తే, మొదట అర నిమిషం ఏమీ కాలేదు. లేచి వెళ్ళబోతుంటే ఆవగింజంత బుడగ ఒకటి పొంగింది. అది మెల్లగా శనగగింజంత అయి పగిలింది. వెంటనే మరొకటి మొదలైంది. మా అబ్బాయి సెల్లులో సమయం చూసి, బుడగకు నలభై సెకన్లు పడుతోందని లెక్క చెప్పాడు. దగ్గరలోని పంక్చరు షాపతను వచ్చి పిన్ను మార్చాడు. తీసిన పిన్ను రబ్బరు మీద సన్నటి గాటు ఉంది. నాలుగింటికీ చల్లగా ఉండగానే 36 నింపాం. మూడు రోజులుగా గుర్తు వెలగలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. సెన్సర్ల చోట్లు కారుకు మళ్ళీ నేర్పించాలంటే సర్వీసు కేంద్రానికి వెళ్ళాల్సిందేనా? మిగతా మూడు టైర్ల పిన్నులు కూడా ఇప్పుడే మార్పించమంటారా?


సోల్డరింగ్ ఐరన్ (బెంగళూరు)

చక్రం విషయంలో నేను తొందరపడ్డాను. చక్రాలను ఏ క్రమంలో మార్చారో అడగకుండానే ఎక్స్ ఆకారం అనుకున్నాను. అలాగే పైన నాలుగు మైళ్ళు అని రాసింది నా పాత ఉద్యోగపు అలవాటు. కొన్ని కిలోమీటర్లు అని చదువుకోండి.

మొదట మీ కారు పుస్తకంలో టైర్ల అధ్యాయం చూడండి. కొన్ని కార్లలో సెట్టింగుల్లోనే చోట్లు నేర్పే వీలుంటుంది. దాన్ని ఎంచుకున్నాక, ముందు ఎడమతో మొదలుపెట్టి పుస్తకం చెప్పిన వరుసలో ఒక్కో టైరు గాలి కొద్దిగా వదలడమో, సెన్సరును మేల్కొలిపే చిన్న పరికరాన్ని వాల్వు దగ్గర పెట్టడమో చేయాలి. ఆ వీలు లేకపోతే సర్వీసు కేంద్రానికి వెళ్ళక తప్పదు. అక్కడ సెన్సరు మార్చమని కాకుండా, చోట్లు నేర్పమని మాత్రమే అడగండి. అప్పటిదాకా ఒక చీటీ మీద ఏ అంకె ఏ చక్రానిదో రాసి డాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. మీరు ఊళ్ళో లేనప్పుడు ఇంట్లో మరొకరు నడిపితే ఆ చీటీ అక్కరకొస్తుంది.

డాష్‌క్యామ్ ఛార్జరు ఈసారి నిర్దోషి. ఎప్పుడైనా అంకెల చోట గీతలు కనిపిస్తే మాత్రం మొదట దాన్ని పీకి చూడండి.


గాలి మిషన్ (ఖమ్మం)

మిగతా మూడు పిన్నులూ మార్పించండి, ఖర్చు పెద్దగా ఉండదు. అయితే ముందుగా మీ వాల్వు కాడ రబ్బరుదో, వెండిరంగు లోహానిదో చూసుకోండి. సెన్సరు ఉన్న చక్రాలకు చాలావరకు అల్యూమినియం కాడ వస్తుంది. దానికి నికెల్ పూత వేసిన పిన్నే వాడాలి. పంక్చరు షాపుల డబ్బాల్లో ఎక్కువగా దొరికేది పసుపురంగు ఇత్తడి పిన్ను. ఇత్తడి, అల్యూమినియం కలిసి తడి తగిలితే తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఏడాది తరువాత తీయబోతే కాడ విరిగి, దాంతోపాటు సెన్సరూ పోతుంది. ఇత్తడి మూతలు కూడా అంతే, ప్లాస్టిక్ మూతలే మేలు. ఆదివారం వెనుక ఎడమకు వేసిన పిన్ను ఏ రంగుదో ఒకసారి మూత తీసి చూసి చెప్పండి.


మియాపూర్–ఖమ్మం

కాడ వెండిరంగుది. ఇప్పుడే కిందికి వెళ్ళి సెల్లు లైటు వేసి చూశాను. పిన్ను పసుపు రంగులో ఉంది. వచ్చే శనివారం ఖమ్మం వస్తున్నాం. నాలుగు నికెల్ పిన్నులు పక్కన పెట్టగలరా?


గాలి మిషన్ (ఖమ్మం)

పెట్టి ఉంచుతాను. వచ్చాక బండి రెండు మూడు గంటలు షాపు ముందే నీడలో వదిలి వెళ్ళండి. చల్లారాక మార్చి, అప్పుడే గాలి కొలుస్తాను.